శుభ్రంగా తీసేశారు

ఫిబ్రవరి 6

అక్క ఇవాళ చూపించింది. అసలు తనంతట తను చూపించలేదు. చొక్కా మీద మరక చూసి నేనే గది తలుపు వేసి విప్పించాను. ఎప్పటినుంచి అంటే, "పోయిన వానాకాలం నుంచి" అంది, కారు సర్వీసింగు గురించి చెప్తున్నట్టు.

రొమ్ములో గడ్డ పగిలి పుండు పడింది. గుడ్డ మడతపెట్టి, దాని మీద ప్లాస్టర్ వేసి, పైన సెంటు కొట్టుకుని, రోజంతా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని జనానికి బండి నేర్పుతోంది. నేర్చుకునేవాళ్ళు కూర్చోగానే అద్దాలు దించుతుంటే, పాపం గాలి ఆడటం లేదేమో అనుకుందట. అలా చెప్పి నవ్వింది. నేను నవ్వలేదని తనకి కోపం వచ్చింది.

బావకి తెలియదట. గురక పెడుతున్నాడని ఎప్పుడో పక్క గదిలోకి గెంటేసింది. పిల్లకి, అదే తన కూతురికి, చెబితే నన్ను చంపేస్తానంది.

రేపు నేను అనువాదాలు చేసే మా ఆసుపత్రికే తీసుకెళ్తాను. ఏడ్చినా మొత్తుకున్నా సరే.

ఫిబ్రవరి 7

సర్జన్ చూశారు. ఆయనకి ఫ్రెంచి తప్ప ఇంకో భాష రాదు. అక్కకి ఫ్రెంచిలో వచ్చిందల్లా రోడ్డు పక్క బోర్డులే. మధ్యలో నేను కూర్చున్నాను. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. చంకలో, మెడ పక్కన, పక్కటెముకల మీద వేళ్ళతో నొక్కి చూసి, తీసేద్దాం అన్నారు. అదే అక్కకి చెప్పాను.

అక్క బట్టలు వేసుకుంటుంటే ఆయన వరండాలో నా కోసం ఒక్క నిమిషం ఆగారు. అడిగితే చెప్పేవారే. నేను లిఫ్టు బటన్ నొక్కాను.

ఫిబ్రవరి 9

కొత్త టైపిస్టుకి పని అప్పజెప్పమన్నారు. మూడేళ్ళ పిల్లకి చెప్పినట్టు చెప్పాను. ఇక్కడ కోసేవాళ్ళు ఫ్రెంచిలో రాస్తారమ్మా, నది అవతలి ఆసుపత్రిలో మందులిచ్చేవాళ్ళు ఇంగ్లీషులో చదువుతారు, మధ్యలో వంతెన మీద మనం. జెస్ట్ అంటే సైగ అనుకునేవు, ఆపరేషన్. రెప్రీజ్ అంటే మళ్ళీ మొదలెట్టడం అనుకునేవు, మళ్ళీ కొయ్యడం. స్వీత్ సాంప్ల్ అని కనిపిస్తే 'తర్వాతవి సులువు' అని రాయకు, 'ఏ ఇబ్బందీ లేకుండా కోలుకున్నారు' అని రాయి. ఇంట్లో మాటలే కదా అని చనువు తీసుకుంటే కొంప ముంచుతాయి.

ఆ అమ్మాయి బుద్ధిగా అన్నీ రాసుకుంది. పక్క బల్ల దగ్గర కామాగారు తలెత్తకుండానే, "ఆవిడ చెప్పిందల్లా వేదం" అన్నారు. అర్జెంటువి తప్ప మా గదిలోంచి ఏ కాగితం బయటికి వెళ్ళాలన్నా ఆయన దిద్దాల్సిందే. పేజీకి ఒక్క కామా అయినా పెట్టకపోతే ఆయనకి అన్నం సయించదు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఫిబ్రవరి 14

ఆపరేషన్ అయింది. బయట బల్ల మీద బావా నేనూ. బావ లిఫ్టులు బాగుచేసే మనిషి. మాట్లాడటానికి ఏమీ దొరక్క, ఆ లిఫ్టు చప్పుడు విని, "కప్పీ అరిగింది, ఎవరూ చూడటంలేదు" అంటూ కూర్చున్నాడు.

సర్జన్ బయటికి వచ్చి, ఇప్పుడు శుభ్రంగా ఉంది, అని రెండు ముక్కలన్నారు. బావ నా మొహంలోకి చూశాడు.

"శుభ్రంగా తీసేశారట" అన్నాను.

ఉందీ, తీసేశారూ. ఎంత తేడా ఉంది కనక.

బావ ఆ బల్ల మీదే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 15

అక్కకి తెలివి వచ్చింది. మొదటి మాట, నిన్న కారు ఎవరు తీశారు అని.

ఫిబ్రవరి 20

అక్క రిపోర్టు మా గదికి వచ్చింది. సొంతవాళ్ళ కాగితం ముట్టకూడదని మా దగ్గర రాయని నియమం. కామాగారు పేరు చూసి చెయ్యి చాపారు. "ఇలా ఇచ్చెయ్యండి, సాయంత్రానికల్లా చేసిస్తాను" అన్నారు. నేను ఇవ్వలేదు. చిన్నపిల్ల బొమ్మ పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఒకే పేజీ. సర్జన్ గారు మాటల్లో మహా పిసినారి. కోత ఎక్కడ పెట్టిందీ, చర్మం ఎంత తీసిందీ, ఏ దారంతో కుట్టిందీ, అంతే. మిగిలినదంతా పైన ఆపరేషన్ పేరు రాసే చోట ఒక్క మాటలో కుక్కేశారు. మాస్టెక్టొమీ ద ప్రోప్రెతే.

మాస్టెక్టొమీ అంటే రొమ్ము తీసెయ్యడం, ప్రోప్రెతే అంటే శుభ్రత. చెత్త ఎత్తే బళ్ళ మీద రాసి ఉండే మాటే. కోసేవాళ్ళ నోట్లో దానికి అర్థం వేరు. జబ్బు చెయ్యి దాటిపోయింది, ఈ కోత బతికించడానికి కాదు, కుళ్ళినదాన్ని తీసేస్తే ఉన్నన్నాళ్ళూ మనిషి దగ్గర వాసనా, నెత్తురూ లేకుండా ఉంటుంది, అని. ఇంగ్లీషులో దీనికి సరైన మాట ఉంది. ఊరివాళ్ళ అక్కలకీ అమ్మలకీ నేనే ఎన్నోసార్లు రాశాను, ఒక్కసారీ తడుముకోకుండా. టాయిలెట్ మాస్టెక్టమీ.

టాయిలెట్. పాతకాలం ఇంగ్లీషులో ఒళ్ళు కడుక్కుని ముస్తాబవడం. ఇప్పుడు ఎవరు చదివినా ఏం అనుకుంటారో అదే అనుకుంటారు. ఇంగ్లీషు ప్రతి ఒకటి ఇంటికి కూడా ఇస్తారు. అక్క చదువుతుంది, బావ చదువుతాడు, పిల్ల చదువుతుంది. అక్క పేరు పక్కన ఆ మాటా?

టైపు చేశాను. చెరిపాను.

పాలియేటివ్, అంటే ఉపశమనానికి మాత్రమే, అని రాయొచ్చు. తప్పు పట్టేవాళ్ళుండరు, మర్యాదగా ఉంటుంది. అదీ టైపు చేసి చూశాను. అదీ చెరిపాను.

ఫిబ్రవరి 21

పంపేశాను. అర్జెంటు ముద్ర వేసి. అర్జెంటువి కామాగారి బల్ల మీదికి వెళ్ళవు.

ఫిబ్రవరి 22

క్లీన్ ఎక్సిషన్, శుభ్రంగా కోసి తీసేశారు, అని రాశాను. ప్రోప్ర్ అంటే క్లీనే. ఎవరైనా నిఘంటువు తీసి చూసుకోవచ్చు. సర్జన్ గారు నోటితో అన్నదీ అదే.

ఇంగ్లీషు డాక్టర్లు క్లీన్ అని చదివితే కోత అంచుల్లో జబ్బు మిగల్లేదని అర్థం చేసుకుంటారు. అది వాళ్ళ వాడుక, నేనేం చెయ్యను. అయినా వాళ్ళు కాగితాన్ని చూసి వైద్యం చేస్తారా, మనిషిని చూసి చేస్తారు. స్కాన్ తీస్తారు. అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

ఫిబ్రవరి 27

పిల్ల వచ్చింది. దానికి ఓడలో ఇంజనీరు ఉద్యోగం ఖాయమైంది. ఎక్కితే చలికాలం దాకా దిగడానికి లేదు. ఇది ఎన్నాళ్ళ కలో నాకు తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో గ్రైండర్ విప్పి మళ్ళీ బిగించలేక నా దగ్గర దాక్కునేది. అప్పుడు పిచ్చుకలా ఉండేది. ఇప్పుడు నాకంటే పొడుగు.

నా వంటింటి గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపడం మానేసి అడిగింది.

"పిన్నీ, నాన్నకేమీ తెలీదు. అమ్మని అడిగితే జోకులేస్తుంది. నువ్వు చెప్పు. నేను వెళ్ళొచ్చా?"

"కాగితం చూశావుగా."

"చూశాను. క్లీన్ అని ఉంది. అంటే అయిపోయినట్టేనా? నువ్వు చెబితే నమ్ముతాను."

ఉన్నదున్నట్టు రాస్తాను. నేను అన్నది ఇది: "మీ అమ్మకేమే, గుండ్రాయిలా ఉంటే. నిక్షేపంగా వెళ్ళిరా."

అది గట్టు దిగి నన్ను గట్టిగా పట్టుకుంది. జుట్టుకి ఇంజను నూనె వాసన. ఆ వాసన మంచిది.

మార్చి 3

పిల్ల వెళ్ళింది. అక్క రేవు దాకా తనే తోలుకెళ్ళింది, కుట్లు ఇంకా మానకుండానే. బావ వెనక సీట్లో.

మార్చి 12

నది అవతలి ఆసుపత్రిలో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ డాక్టరమ్మ చిన్నది, చకచకా మాట్లాడుతుంది. క్లీన్ కాబట్టి గట్టి మందే ఇద్దామంది. మూలాల్లో ఏదైనా నలుసు మిగిలినా చచ్చిపోవాలట. కష్టంగానే ఉంటుంది కానీ, బతికి బట్టకట్టేవాళ్ళు పడాల్సిన కష్టమేనంది. స్కాన్ తర్వాత తీస్తారట. ఆ యంత్రం దగ్గర పెద్ద వరస ఉంది, అక్కని తొందర లేనివాళ్ళ వైపు వేశారు.

అక్క, "చూశావా, నేను తొందర లేనిదాన్ని" అంది నాతో. నిజమే అన్నాను.

మార్చి 17

వాంతులు. మంచినీళ్ళు కూడా ఇనప వాసనట.

మార్చి 24

జుట్టంతా దిండు మీదే ఉంది. ఎలాగూ పోయేదేనని బావ గెడ్డం మిషనుతో మిగిలింది తీసేశాడు. లిఫ్టు బాగుచేసినంత శ్రద్ధగా తీశాడు. అక్క అద్దంలో చూసుకుని, ఇప్పుడు నా స్టూడెంట్లు బ్రేకు గట్టిగా తొక్కుతారు అంది.

పనిలో పడ్డాను. ఇవాళ పేగు ఆపరేషన్ల కాగితాలన్నీ నేనే చేశాను. ఒక్క తప్పు లేదు. కామాగారు వెతికి వెతికి రెండు కామాలు పెట్టారు.

ఏప్రిల్ 4

అక్క ఇక చాలు అంది.

నోరంతా పుళ్ళు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే తల తిరుగుడు. బావ వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు. అక్క నాతో, "మిగిలినవి ఎక్కించుకోనే. ఎలా ఉంటే అలా ఉంటుంది. కాస్త తిని, కాస్త బండి తోలుకుని, హాయిగా ఉంటాను" అంది.

అప్పుడైనా ఊరుకుని ఉండొచ్చు. సరే అంటే సరిపోయేది. నేను ఏమీ ఒప్పుకోనక్కర్లేదు, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు, ఆ మందు మాత్రం ఆగేది.

కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే, నేల మీద కూర్చుని పట్టుకున్నాను. ఇంత దూరం వచ్చి ఇప్పుడు వదిలేస్తావా, శుభ్రంగా తీసేశారని రాశారు కదా, ఈ కాస్తా ఓర్చుకుంటే గట్టెక్కినట్టే, పిల్ల మొహం చూడు అన్నాను. అక్క, సరే ఏడవకు అంది.

ఎందుకు పట్టుకున్నానంటే, అక్క మందు మానేస్తే నేను రాసింది అబద్ధం అయిపోతుంది.

పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఏప్రిల్ 11

అక్కకి నడుం నొప్పి. పడుకుని పడుకుని వచ్చి ఉంటుంది.

ఏప్రిల్ 13

నడుం నొప్పి ఎవరికి రాదు. నాకూ ఉంది.

ఏప్రిల్ 22

ఇవాళ మధ్యాహ్నం కామాగారు కుర్చీ తెచ్చుకుని నా బల్ల పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా కూర్చోలేదు. చేతిలో రెండు కాగితాలు. డాక్టరమ్మ రాసింది: రోగికి నడుం నొప్పి ఎక్కువైతే స్కాన్ ముందుకు జరిపి తీశాము, ఎముకల్లోనూ కాలేయంలోనూ ఉంది, ఇది కొత్తగా వచ్చింది కాదు, మీ రిపోర్టు క్లీన్ అంటోంది, దయచేసి సరిచూడండి. రెండోది సర్జన్ గారి ఫ్రెంచి కాగితం. కామాగారే వెళ్ళి తీయించుకున్నారు.

"ఇది టైపు పొరపాటా?" అని అడిగారు, మిగతావాళ్ళకి వినిపించకుండా.

అప్పుడు అలసిపోయి ఉన్నాననీ, ఆ వారమంతా నిద్ర లేదనీ ఏదో మొదలుపెట్టాను. ఆయన చివరిదాకా విన్నారు.

"అలసిపోతే మీరు కామా మర్చిపోతారు. మాట మర్చిపోరు" అన్నారు.

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

"జవాబు నేను రాయనా, మీరు రాస్తారా?"

నేనే రాశాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. అనువాదకురాలు కావాలనే మార్చింది, రోగి ఆమె తోడబుట్టినది, సరైన మాట ఇది, బాధ్యత పూర్తిగా ఆమెది. ఆయన దిద్దడానికి పెన్ను తీశారు. చదివారు. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం డాక్టరమ్మకి ఫోను కూడా చేశాను. ఆవిడ అరవలేదు. "ఆవిడకి ఆ మందు ఇచ్చి ఉండేదాన్ని కాదు" అంది. "ఒక్కసారి కూడా" అని పెట్టేసింది.

ఏప్రిల్ 23

అక్కకి చెప్పాను.

బావ పనికి వెళ్ళే వేళ చూసి వెళ్ళాను. అక్క సోఫాలో పడుకుని ఉంది, తలకి బావ ఉన్ని టోపీ. నన్ను చూసి కాళ్ళు ముడిచి చోటు ఇచ్చింది. కూర్చోలేకపోయాను.

"క్లీన్ అని సర్జన్ రాయలేదక్కా. నేను రాశాను."

అర్థం కాలేదు. మరి ఆయనేం రాశాడని అడిగింది. చెప్పాను. ఫ్రెంచి మాట, ఇంగ్లీషు మాట, దాని అర్థం, స్కాన్‌లో కనిపించింది, మందు ఆపేస్తున్న సంగతి. ఎప్పుడూ ఎవరికీ అంత సాఫీగా చెప్పలేదు. అక్క సోఫా చేతి మీద గుడ్డని వేలితో గోకుతూ విన్నది.

"పిల్లకి నువ్వేగా వెళ్ళమని చెప్పావు."

"ఊఁ."

"మొన్న నేను మానేస్తానంటే కాళ్ళు పట్టుకున్నావు."

"ఊఁ."

"అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే పట్టుకున్నావు."

నేను ఏదో అనబోయాను. నీ మీద ప్రేమతో అనే అనబోయి ఉంటాను. అక్క చెయ్యెత్తి ఆపింది, కారులో నేర్చుకునేవాళ్ళని ఆపినట్టు.

"నాకు ఓపికుంటే నిన్ను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేదాన్ని. ఆ ఓపిక కూడా ఆ మందే తినేసింది. లేచి వెళ్ళు. నేను పిలిచేదాకా ఈ గుమ్మం తొక్కకు."

అసలు కూర్చోనే లేదు కదా, లేవడానికి. వచ్చేశాను.

ఏప్రిల్ 25

రోగుల కాగితాలు నాకు ఇవ్వవద్దని పైనుంచి చెప్పారు. ఉద్యోగం తీసెయ్యలేదు. విచారణ అయ్యేదాకా పరికరాల కేటలాగు అనువాదం చెయ్యాలట. కత్తెరలు, పట్టుకార్లు, గాయం నోరు తెరిచి పట్టుకునే కొక్కేలు. మంచిదే. కత్తెరలకి అక్కచెల్లెళ్ళుండరు.

కొత్త టైపిస్టు నన్ను చూసి లేచి నిలబడటం మానేసింది.

ఏప్రిల్ 30

బావ మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. నన్ను తిట్టడానికి బావకి మాటలు రావు, ఎవరినీ తిట్టలేదు ఎప్పుడూ. మందు ఆగాక నోట్లో పుళ్ళు మానాయట, ఇవాళ ఇష్టంగా తిందట, పక్కింటివాళ్ళతో నవ్విందట. అది చెప్పడానికి వచ్చాడు.

"ముందే ఆపి ఉంటే ఇలాంటి రోజులు ఇంకొన్ని ఉండేవి కదా" అన్నాడు. అడుగుతున్నట్టే అన్నాడు. ఉండేవి బావా అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయాడు.

మే 2

పిల్లకి అక్క తనే ఫోనులో చెప్పుకుందట. ఏం చెప్పిందో బావకీ తెలియదు, తలుపు వేసుకుని మాట్లాడిందట.

నాకు పిల్ల నుంచి ఏమీ రాలేదు. రాదు.

మే 5

రంపాలు. ఎముక కోసే రంపాలకి ఫ్రెంచిలో ఎన్ని పేర్లో. ఒక్కోదానికి కనిపెట్టినవాడి పేరే. అనువాదం అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు దించడమే.

మే 14

అక్క పిలిచింది. నా మీద మనసు మారి కాదు. ఇంటికి వచ్చి చూసే నర్సు మా ఆసుపత్రి మనిషి, ఫ్రెంచి తప్ప రాదు. ఇన్నాళ్ళూ సైగలతో నడిపారు. ఇవాళ అడగాల్సినవి సైగలతో అడిగేవి కావు.

మంచం కిటికీ పక్కకి జరిపారు. అక్క కళ్ళు పసుపు రంగులో ఉన్నాయి. బావని బయటికి పంపేసింది. నన్ను చూసి, "ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఒక్క మాట మింగినా నీ మొహం చూసి కనిపెడతాను" అంది.

నర్సు పెద్దావిడ. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మంచం అంచున కూర్చుంది.

ఎలా పోతాను, అని అడిగింది అక్క. అడిగాను. నర్సు నా వైపు కాక అక్క వైపే చూస్తూ చెప్పింది. కాలేయం పని మానేస్తోంది. నిద్ర ఎక్కువవుతుంది. తిండి మీద ధ్యాస పోతుంది. కొన్నిసార్లు మాట తడబడొచ్చు, మనుషులు పోల్చుకోలేకపోవచ్చు. ఒక రోజు నిద్రలోంచి లేవరు. చెప్పాను. ఏదీ మింగలేదు. 'మనుషులు పోల్చుకోలేకపోవచ్చు' అన్న చోట మాత్రం దుప్పటి సర్దబోయాను. అక్క నా వైపు చూసింది. అదీ చెప్పాను.

నొప్పి? ఉంటుంది, దానికి మందు ఉంది, ఆ మందు విషయంలో నేను పిసినారితనం చెయ్యను అంది నర్సు. అక్కకి ఆవిడ నచ్చింది.

"ఎన్నాళ్ళు?"

"వారాలు అంటోంది. ఎక్కువ వారాలు కావట."

"పిల్ల చలికాలానికి వస్తుంది. అప్పటిదాకా?"

అడిగాను. నర్సు తల అడ్డంగా ఊపింది. దానికి అనువాదం అక్కర్లేదు. అయినా నోటితో అన్నాను, "ఉండవట."

అక్క కిటికీలోంచి కిందికి చూసింది. కింద ఎవరో కారు వెనక్కి తియ్యలేక తంటాలు పడుతున్నారు. చక్రం అటు కాదురా ఇటు, అని గొణిగింది. తర్వాత, ఇది ఆవిడకి చెప్పకు, నీకే అని, పిల్లని మధ్యలో దిగి రావద్దని చెప్పమంది. ఎందుకని అడిగాను. చెప్పింది.

నేను లేస్తుంటే, "నీ ఫ్రెంచి బాగానే ఉందే" అంది. మెచ్చుకోలో దెప్పో తెలియలేదు. తెలియనిదాన్ని తెలియనట్టే వదిలేస్తున్నాను.

మే 16

పిల్ల రావద్దని అక్క అన్న మాట బావకి చెప్పాను. బావ పెళ్ళయ్యాక మొదటిసారి అక్క మాట దాటాడు. ఫోను చేసి రమ్మన్నాడు. ఓడ ముందు ఏదో రేవులో ఆగాలి, అక్కణ్ణుంచి విమానం దొరకాలి.

అక్క రోజూ నన్ను రానిస్తోంది, నర్సు ఉన్నంతసేపు. నర్సు సంచీ సర్దుకోగానే నేనూ చెప్పులు వేసుకుంటాను.

మే 24

ఇవాళ నన్ను చూసి, క్లచ్ మీద కాలు తియ్యి అంది. తీశాను అన్నాను.

మే 28

పిల్ల వచ్చింది. అక్క నిద్రలో ఉంది. పిలిచింది, చెంప తట్టింది, పాదాలు రుద్దింది. లేవలేదు.

నేను గుమ్మంలో ఉన్నాను. పిల్ల నన్ను దాటుకుని నీళ్ళకి వెళ్ళింది, మళ్ళీ నన్ను దాటుకుని వచ్చింది.

మే 30

అక్క పోయింది. పొద్దున, బావ కాఫీ కలుపుతుంటే.

జూన్ 8

విచారణ అయింది. రోగుల కాగితాలు ఇక ఎప్పటికీ నా చేతికి రావు. సరే అన్నాను. కామాగారు నా పక్కన కూర్చుని సాక్ష్యం చెప్పారు. ఆవిడకి మాట తెలుసు, తెలిసే మార్చింది, అన్నారు. మంచో చెడో ఇంకేమీ చేర్చలేదు. అంతకంటే మంచిగా ఎవరూ చెప్పలేరు.

జూన్ 19

పిల్ల మా ఇంటికి వచ్చింది.

ఇన్ని రోజుల్లో నాతో ఒక్క మాట లేదు. రేపు మళ్ళీ ఓడ ఎక్కుతుందని బావ చెప్పాడు. మధ్యాహ్నం తలుపు కొడితే పాలవాడనుకున్నాను. లోపలికి వచ్చింది కానీ వంటింటి వైపు రాలేదు. ముందు గదిలో కుర్చీ ఉన్నా గోడకి ఆనుకుని నిలబడింది.

"ఒకటి అడగడానికి వచ్చాను. నువ్వు అమ్మ దగ్గర ఉన్నావటగా, నర్సు మాటలు చెప్పడానికి."

"ఊఁ."

"అమ్మ నన్ను రమ్మందా? నాన్నేమో నీ కోసమే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది అంటాడు."

అవును అనే మాట నోటి చివరే ఉంది. ఏ భాషలోనైనా చిన్న మాటే. బావ అప్పటికే అనేశాడు, నేను తల ఊపితే చాలు. పిల్ల దాన్ని పట్టుకుని సముద్రంలోకి వెళ్ళేది, బతికినన్నాళ్ళూ దగ్గర పెట్టుకునేది. దాని మొహం చూస్తే, అవును అనమనే అడుగుతోందనిపించింది.

"లేదు. రావద్దంది" అన్నాను.

పిల్ల గోడ మీంచి ఒళ్ళు తీసి నిటారుగా నిలబడింది.

"ఎందుకట?"

"నేనూ అడిగాను. 'అది గుమ్మంలో కనిపిస్తే నేను ఏడుస్తాను. ఏడిస్తే కోసిన చోట లాగుతుంది. ఆ బాధ నేను పడలేను. సముద్రం మధ్యలో దిగి రావడానికి అదేమైనా సిటీ బస్సా, దాని పని దాన్ని చేసుకోనీ' అంది."

పిల్ల నవ్వింది. ముక్కులోంచి వచ్చింది ముందు, తర్వాత పెద్దగా. అచ్చం అక్క నవ్వే. నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకుని జారి నేల మీద కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళే హక్కు లేదని కాదు, వెళితే పిల్ల ఏడుపు ఆపేస్తుందని.

కాసేపటికి మొహం చొక్కాతో తుడుచుకుని, "ఇంకా ఏమంది? అన్నీ చెప్పు. నర్సు అన్నవి కూడా" అంది.

మొదటి నుంచీ చెప్పాను. పసుపు కళ్ళు, నిద్ర, మనుషులు పోల్చుకోలేకపోవడం, కింద కారు వెనక్కి తియ్యలేనివాడు, క్లచ్. ఏదీ తగ్గించలేదు, ఏదీ కలపలేదు. చెబుతున్నంతసేపూ పిల్ల నా నోటి వైపే చూసింది, ఎక్కడైనా మాట మారుతుందేమోనని. అదీ అక్క చూపే.

అయిపోయాక లేచింది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దిగి, వెనక్కి తిరక్కుండానే, "వెళ్తున్నాను" అంది.

వెళ్ళొస్తాను అనలేదు. అన్నది అన్నట్టే రాస్తున్నాను.